బాబాయ్, అది టాపెట్ కాదు

డెన్వర్
ఫిబ్రవరి 17, 2025, సోమవారం రాత్రి

బాబాయ్,

ఫోన్లోనే చెబుదామనుకున్నాను గానీ నీతో ఫోన్లో బండి సంగతి చెప్పడం నావల్ల కాదు. నేను మొదటి నట్టు దగ్గర ఉండగానే నువ్వు మూడో నట్టు గురించి తిట్టడం మొదలుపెడతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పిన్ని ఫోన్‌కి పంపిస్తాను, తను చదివి వినిపిస్తుంది, నీకెలాగూ కళ్ళజోడు దొరకదు. మధ్యలో ఆపి నాకు ఫోన్ చెయ్యొద్దు. మొత్తం విను, తర్వాత తిట్టు.

ముందు అసలు మాట. నువ్వు చెప్పిందే నిజం. నా బండి ఇంజన్లో టిక్ టిక్ మంటున్నది వాల్వుల్ని తోసే టాపెట్ కాదు, పొగని సైలెన్సర్‌కి తీసుకెళ్ళే మానిఫోల్డే.

సంక్రాంతికి వీడియో కాల్లో బానెట్ ఎత్తి చూపించబోతే "ఫోను ఇంజను దగ్గర పెట్టరా, నీ మొహం నాకెందుకు" అన్నావు, చేతిలో గారె కూడా ఉంది. కుట్టుమిషన్ తొక్కినట్టు టిక్ టిక్ మంటోంది. రెండే ప్రశ్నలు అడిగావు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ వచ్చి వేడెక్కాక తగ్గుతోందా, ఎక్సలేటర్ తొక్కితే చప్పుడు పెద్దదవుతోందా అని. రెండింటికీ అవునన్నాను. "వేడెక్కితే ఇనుము ఉబ్బి పగులు మూసుకుంటుంది, చల్లారితే మళ్ళీ నోరు తెరుస్తుంది, పోయి మానిఫోల్డ్ చూసుకో" అని ఇంకో గారె తెచ్చుకోవడానికి వెళ్ళిపోయావు.

నీకు చెప్పలేదు గానీ అంతకు వారం ముందే ఇక్కడ ఒక షెడ్డులో చూపించాను. పేరెందుకులే. వాళ్ళు టాపెట్లన్నారు. ఆయిల్ పైకెక్కాక టాపెట్ చప్పుడు కూడా తగ్గుతుంది కాబట్టి నాకూ నిజమే అనిపించింది. ఈ ఇంజన్లో టాపెట్లు తియ్యాలంటే ఇంజను పైన మూతలా ఉండే హెడ్ విప్పాలి, రెండున్నర వేల డాలర్లని కాగితం రాసి చేతికిచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకునే నీకు వీడియో కాల్ చేశాను, పండగ శుభాకాంక్షలకేమీ కాదు.

విజయవాడ ఆటోనగర్లో నీ షెడ్డులో అయితే ఇంత ఆలోచించే వాళ్ళం కాదు, పక్క షెడ్డు ఆయన్ని పిలిస్తే ఆయనో చెవి, నువ్వో చెవి పెట్టి తేల్చేసేవాళ్ళు. ఇక్కడ నేనొక్కణ్ణే. అందుకని ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ గొట్టాన్ని తిరగేసి గాలి సైలెన్సర్‌లోకి ఊదేటట్టు గుడ్డలు కుక్కి పెట్టి, ఇంజను మీద సబ్బు నీళ్ళు చల్లాను. పంక్చర్ షాపులో ట్యూబుని తొట్టిలో ముంచి చూస్తారు కదా, అదే. మూడో గొట్టం, నాలుగో గొట్టం కిందికి దిగి కలిసే అతుకు దగ్గర బుడగలు ఉడికినట్టు వచ్చాయి. అద్దం పెట్టి టార్చి వేసి చూస్తే వెంట్రుక మందాన పగులు, చుట్టూ నల్లటి మసి. నా భార్య వచ్చి ఇంట్లో వ్యాక్యూమ్ ఇక్కడెందుకుందని అడిగింది. బుడగలు చూపించాను. ఆవిడకేం సంతోషం కలగలేదు.

నువ్వు వెల్డింగ్ పెట్టించమన్నావు, పగులు రెండు కొసల్లో చిన్న బెజ్జాలు వేసి మరీ పెట్టించమన్నావు. వినలేదు. ఎందుకంటే నువ్వు దాన్ని బీడు, అంటే పోత ఇనుము, అనుకుంటున్నావు. ఇది 1998 మోడల్, 4 లీటర్ల పెట్రోలు ఇంజను, ఆరు సిలిండర్లు ఒకే వరస, దీని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పల్చటి స్టీలు గొట్టాలు వంచి అతికి చేసింది. ఇరవై ఏడేళ్ళుగా కాలి చల్లారి కాలి చల్లారి ఉన్న రేకు అది, ఒక చోట అతికితే పక్కన తెరుచుకుంటుంది. పైగా ఇక్కడ సామాను చవక, మనిషి చెయ్యి ఖరీదు, మన దగ్గరకి పూర్తిగా తిరగేసిన లెక్క. కొత్త మానిఫోల్డ్, అతుకు సందు మూసే ప్యాకింగ్‌తో కలిపి రెండువందల ఇరవై డాలర్లకి ఇంటికొచ్చింది. గొట్టాల మధ్యలో హార్మోనియం తిత్తిలా మడతలు పెట్టారు, వేడికి సాగినా పగలకుండా. నువ్వు చూస్తే ఒక అరగంట దాన్ని చేతిలోంచి కింద పెట్టవు.

అంత తొందరెందుకు అంటావేమో. పాప వెనక సీట్లో కూర్చుని రెండుసార్లు "నాన్నా, కంపు" అంది. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకి వాసనుండదు, వాసన మిగతా పొగది, కానీ ఆ పొగ లోపలికొస్తోందంటే ఇదీ వస్తున్నట్టే కదా. ఆ రోజు నుంచి పాపని అందులో ఎక్కించలేదు. ఇంకోటి, మార్చిలో రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంది, ఈ ఊళ్ళో పొగ పరీక్ష పాసైతేనే ఇస్తారు. పగులు దగ్గర బయటి గాలి లోపలికి లాగేసుకుంటోంది, దాని తర్వాత ఉన్న ఆక్సిజన్ సెన్సరు ఆ గాలి చూసి పెట్రోలు చాలట్లేదని కంప్యూటర్‌కి చెబుతోంది, అది ఇంకాస్త పోస్తోంది. డిసెంబర్ నుంచి మైలేజీ ఎందుకు పడిపోయిందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను, చలికాలం పెట్రోలు మీదకి నెట్టేశాను కూడా.

ఇవాళ సోమవారం ఇక్కడ సెలవు, కాబట్టి మూడు రోజులు దొరికాయి. శుక్రవారం రాత్రే నట్లన్నిటికీ తుప్పు వదిలే నూనె కొట్టి పడుకున్నాను. మొన్న సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు నీ షెడ్డు ముందు వరసకట్టిన బళ్ళ ఫోటోలు పంపావు, నట్లు వారానికే పట్టేశాయన్నావు. ఇక్కడ ప్రతి చలికాలం అంతే అనుకో, మంచు కరగడానికి రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ నీళ్ళు చల్లుతారు, అదంతా బండి కడుపుకే.

శనివారం విప్పడం. ఈ ఇంజన్లో గాలి లోపలికి తెచ్చే ఇన్‌లెట్, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు, రెండింటికీ ఒకటే ప్యాకింగ్, కొన్ని బోల్టులు రెండింటినీ కలిపి నొక్కి పట్టుకుంటాయి. అంచేత ఎగ్జాస్ట్ తియ్యాలంటే ఇన్‌లెట్ కూడా కదపాల్సిందే. బ్యాటరీ నెగటివ్ తీసేశాను, పెట్రోలు పైపులో ప్రెషర్ గుడ్డ అడ్డం పెట్టి వదిలించాను, ఇంజెక్టర్ల వరసంతా ఊడదీసి బయట పెట్టాను, పవర్ స్టీరింగ్ పంపుని గొట్టాలు విప్పకుండా పక్కకి కట్టేశాను. అన్నీ ఫోటోలు తీసుకుంటూ, బోల్టుల్ని అట్టముక్కకి బెజ్జాలు పెట్టి ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చుకుంటూ. ఇది నువ్వు నేర్పిందే, మందు బిళ్ళల అట్ట మీద ఇంజక్షన్ పంపు స్క్రూలు గుచ్చేవాడివి.

బోల్టులు అంగుళం లెక్కవి, 9/16. మన 14 ఎక్కదు, 15 వేస్తే వదులై మూలలు అరిగిపోతాయి. పైవన్నీ బాగానే వచ్చాయి. కింది వరస ఇన్‌లెట్ గొట్టాల కింద దాక్కుంది, కంటికి కనబడదు, చెయ్యి పెడితే మోచెయ్యి తిరగదు. ఒక్కొక్క దానికీ అరగంట, పానా ఒక పన్ను తిరగడం, తీసి మళ్ళీ వెయ్యడం. ఆ అరగంటల్లో నీ వంచిన పానా గుర్తొచ్చింది. నేను పదో తరగతి సెలవుల్లో షెడ్డుకొచ్చినప్పుడు నా ఎదురుగానే చేశావు, రింగు పానాని గ్యాస్‌తో ఎర్రగా కాల్చి, వైస్‌లో బిగించి, పైపు తొడిగి కొంగ మెడలా వంచి, నీళ్ళలో ముంచబోతుంటే నా చెయ్యి మీద ఒకటిచ్చి, ముంచితే పెళుసెక్కుతుందిరా అని ఇసకలో పడేశావు. అప్పుడు నా దృష్టంతా సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్రెండ్స్ మీదే ఉంది.

ఇప్పుడు తిట్టే చోటొచ్చింది. ఆరో సిలిండర్ దగ్గర, క్యాబిన్ గోడకి ఆనుకుని ఒక స్టడ్డు, అంటే హెడ్డులోకి మరతో దిగిన తల లేని బోల్టు. చీకటి పడింది, చేతులు కొంకర్లు పోతున్నాయి, ఇదొక్కటే కదా అని ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించి గట్టిగా లాగాను. ముందు మెత్తగా కదిలింది. వచ్చేసిందనుకున్నాను. ఆ మెత్తదనమే అది సాగుతున్న లక్షణమని నువ్వు నాకు వందసార్లు చెప్పుంటావు. టప్పుమంది. నట్టుతో సహా సగం స్టడ్డు చేతిలోకొచ్చింది, మిగతా సగం హెడ్డులో. అరిచి ఏడిచేవాణ్ణే, ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. లైటార్పి వెళ్ళి పడుకున్నాను, నిద్ర పట్టలేదు.

ఆదివారం పొద్దున చూస్తే ఒక సెంటీమీటరు బయటే ఉంది, అదే అదృష్టం. ఇన్‌లెట్, పెట్రోలు సామానంతా రాత్రే పెరట్లో పెట్టేశాను, పైపు మూతి బిరడా పెట్టి తడిగుడ్డ చుట్టాను, గ్యారేజీ తలుపు బార్లా తెరిచి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకునే చిన్న గ్యాస్ టార్చి వెలిగించాను. ముందే చెబుతున్నాను కాబట్టి అక్కడ అరవకు. స్టడ్డు చుట్టూ వేడి చేసి, మంట తీసేసి, కొవ్వొత్తి ఆనించాను. ఇంట్లో దొరికింది పాప నాలుగో పుట్టినరోజు కొవ్వొత్తి, గులాబీ రంగుది. మైనం కరిగి మర చుట్టల్లోకి జారుతుంటే సన్నగా పొగ, గుళ్ళో వాసన. మూడుసార్లు అలా చేసి లాకింగ్ ప్లయర్‌తో కరిచి పట్టుకుని, విప్పబోకుండా ముందు బిగించే వైపుకి ఒక పిసరు, మళ్ళీ విప్పే వైపుకి ఒక పిసరు. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత కిర్రుమని చిన్న చప్పుడు, బాబాయ్, ఆ చప్పుడుకి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, ఇది పిన్ని గట్టిగా చదవనక్కర్లేదు. గులాబీ మైనం పూసుకుని మిగతా సగం స్టడ్డు మొత్తం బయటికొచ్చింది. దాచాను, ఫోటో పెడతాను.

పాత మానిఫోల్డ్ బయటికి తీశాక ఇంకో సంగతి. "పగిలింది ఎందుకో చూడకుండా కొత్తది బిగించకు" అని నువ్వు అంటూనే ఉంటావు, నేను చూడకుండానే బిగించబోయాను. సందు ఖాళీ అయ్యేసరికి డ్రైవర్ వైపు, అంటే ఇక్కడ ఎడమ వైపు, ఇంజనుని మోసే రబ్బరు మౌంటింగ్ కంటబడింది. రబ్బరు ఇనుము నుంచి పూర్తిగా ఊడిపోయింది, స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే ఇంజను వేలెడు పైకి లేస్తోంది. ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా ఇంజను ఆ వైపు ఎగురుతోంది, కింద సైలెన్సర్ గొట్టమేమో చాసిస్‌కి కట్టుంది, మధ్యలో నలిగింది ఈ మానిఫోల్డ్. నిరుడు యూటాలో మోయాబ్ రాళ్ళ దారుల్లో రెండు రోజులు తిప్పాను, అక్కడే తెగి ఉంటుంది, వచ్చేటప్పుడు గేరు వేస్తే టంగుమనేది, రాయి తగిలిందేమోలే అని పట్టించుకోలేదు. కొత్తది వేసి ఈ రబ్బరు వదిలేసి ఉంటే ఏడాది తిరక్కుండా మళ్ళీ నీకు గారెలు తినేటప్పుడు వీడియో కాల్ చేసేవాణ్ణి. మధ్యాహ్నం పోయి రెండు వైపులవీ కొనుక్కొచ్చాను. ఎడమది మార్చాను, కుడిది వచ్చే వారం.

బిగించడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. హెడ్డు ముఖం గీకి శుభ్రం చేశాను, కొత్త ప్యాకింగ్ స్టడ్లకి తగిలించాను, కొత్త బోల్టులకి పట్టెయ్యకుండా పేస్టు రాశాను, అన్నిటినీ చేత్తోనే మర ఎక్కించి తర్వాత మధ్యలోంచి రెండు పక్కలకీ వెళ్తూ, బిగింపు కొలిచే టార్క్ పానాతో 24 ఫుట్ పౌండ్లు, ఇంచుమించు 33 న్యూటన్ మీటర్లు. నీకు టార్క్ పానా అంటే నవ్వని తెలుసు, నీ మణికట్టే మీటరు. నాకు ఆ మణికట్టు లేదు, అందుకే నూటపాతిక పెట్టి కొనుక్కున్నాను.

ఇవాళ పదకొండింటికి స్టార్ట్ చేశాను. ముందు రెండుసార్లు కీ తిప్పి పెట్రోలు ఎక్కడైనా కారుతోందేమో చూశాను, లేదు. అంటుకోగానే ఇంజను మీద నుంచి తెల్లగా పొగ లేచింది, కొత్త గొట్టానికి పూసిన నూనె మాడుతోందని తెలిసినా గుండె ఆగింది. పది నిమిషాలకి పొగ పోయింది. తర్వాత బానెట్ మీద చేతులు పెట్టుకుని నిలబడి విన్నాను. బెల్టు తిరిగే చప్పుడు, ఇంజెక్టర్ల చప్పుడు, అంతే. డి లో పెట్టి బ్రేకు తొక్కి కొంచెం రేజ్ చేసినా ఇంజను ఎగరలేదు. సాయంత్రం పూర్తిగా చల్లారాక బోల్టులు మళ్ళీ చూస్తే రెండు కొంచెం కదిలాయి, సరిచేశాను. వారం నడిపాక ఇంకోసారి చూస్తాను, మాటిస్తున్నాను.

ఇంక నాకొక పని చేసిపెట్టాలి. అమ్మ మేలో వస్తోంది కదా. ఆటోనగర్లో పాత సామాన్ల కొట్లలో అంగుళం లెక్క పానాలు దొరుకుతాయి కదా, 9/16 రింగు పానా ఒకటి కొని, నీదానిలాగే వంచి పంపు. ఎంత వంపు కావాలో అట్టముక్క మీద గీసి కత్తిరించాను, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశాను, ఈ ఉత్తరం వెనకే వస్తుంది. మెడ నా గీత కంటే ఒక దారం ఎక్కువ వంగినా పరవాలేదు, తక్కువైతే కింది వరసకి అందదు. ఇసకలోనే చల్లార్చు. అమ్మకి చెప్పి చెకిన్ సూట్‌కేసులో పెట్టించు, చేతి సంచిలో ఉంటే గన్నవరం ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు, అమ్మ వాళ్ళతో ఇది మా మరిది చేసిన పానా అని గొడవ పెట్టుకుంటుంది.

ఇట్లు,
చిన్నోడు