గాజు ఇల్లు, కూల్చేసిన పేట

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అడిగానని చెప్పు. మొన్న ఫోన్‌లో నువ్వు "ఫాసిస్టుల పార్టీ ఆఫీసు చూడటానికి అంత ఆరాటం దేనికిరా?" అన్నావు చూడు, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఫోన్‌లో తేలే విషయం కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఇటలీలో ఉన్న కోమో, మిలాన్‌కి దగ్గరే. మిలాన్ కదోర్నా స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే గంటలో సరస్సు ఒడ్డున దింపుతుంది. చాలామంది దిగీ దిగగానే పడవల రేవు వైపు నడుస్తారు. నేను అటు వెళ్ళలేదు. పట్టాలకి ఒక పక్క కోమో కెథడ్రల్ వెనకభాగం కనిపిస్తుంది, రెండో పక్క ఖాళీ చౌకు, దాని అంచున తెల్లటి భవనం. అదే కాసా దెల్ ఫాషో, నువ్వన్న ఫాసిస్టు పార్టీ ఆఫీసు. జుసెప్పె తెర్రాన్యి అనే ఆర్కిటెక్ట్ 1932లో మొదలుపెడితే 1936కి పూర్తయింది. పునాది 33.2 మీటర్ల చదరం, ఎత్తు సరిగ్గా అందులో సగం, 16.6 మీటర్లు. ఈ అంకెలు నేను ముందే చదివాను, కానీ ఎదురుగా నిలబడ్డాకగానీ వాటి సంగతి అర్థం కాలేదు. ఎక్కడా ఒక చెక్కడం లేదు, స్తంభానికి తలకట్టు లేదు, తోరణం లేదు. ముందువైపు చాలాభాగం స్తంభాలూ దూలాలూ కలిసి కట్టిన గడులు, వాటి వెనక నీడలో వరండాలు. కుడివైపు మాత్రం ఏమీ లేని నిలువు గోడ. ఎండ కొంచెం జరిగితే చాలు, గడుల్లో నీడలన్నీ మారిపోతాయి, ఆ గోడ మాత్రం అలాగే ఉంటుంది. అలంకారమంటూ ఉంటే అదే. చుట్టూ తిరిగి చూశాను, నాలుగు వైపులూ నాలుగు రకాలుగా ఉన్నాయి. పైన తాపడం బొత్తిచీనో పాలరాయి. దగ్గరికెళ్ళి చూస్తే రాయికీ రాయికీ మధ్య అతుకులు కూడా గడుల లెక్కకి సరిపోయేలా పడ్డాయి. అంత శ్రద్ధగా కట్టారు.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తాను. ఆ ఖాళీ గోడ ఊరికే ఖాళీగా వదిలింది కాదు. దానిమీద పార్టీ ప్రచార చిత్రాలు పెట్టాలని మార్చెల్లో నిట్సోలి అనే చిత్రకారుడి చేత డిజైన్లు కూడా వేయించారు. అవి ఎక్కలేదు. ముందు వరసలో ఉన్న గాజు తలుపులన్నీ కరెంటుతో ఒక్కసారే తెరుచుకునేలా ఏర్పాటు చేశారు, లోపలి హాల్లోంచి పార్టీ దళం నేరుగా చౌకులోకి కవాతు చేస్తూ రావడానికి! ఫాసిజం అందరూ లోపలికి చూడగల గాజు ఇల్లు అని ముసోలినీ అన్నాడు, ఆ మాటకి తెర్రాన్యి నిజంగానే గాజుతో రూపం ఇచ్చాడు. అతను పార్టీ మనిషే, నమ్మి కట్టాడు. ఈ ముక్క దాచిపెట్టి భవనాన్ని మెచ్చుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది చెప్పాకే మెచ్చుకోవాలి. మెచ్చుకోవాల్సిందే కూడా.

యుద్ధం తర్వాత దాన్ని కూల్చలేదు. లోపల మారియో రాదిచే వేసిన గోడ చిత్రాలు పోయాయి. 1957 నుంచి అందులో గ్వార్దియా ది ఫినాన్జా, అంటే పన్నుల ఎగవేతలూ దొంగరవాణాలూ పట్టుకునే పోలీసులు ఉంటున్నారు. అందుకే మామూలు రోజుల్లో లోపలికి వెళ్ళనివ్వరు. గాజు పైకప్పున్న ఆ హాలుని బయటినుంచి ఊహించుకోవాల్సిందే.

తెర్రాన్యి గురించి నీకు నచ్చే కథ ఒకటుంది. 1926లో ఏడుగురు కుర్రాళ్ళు గ్రూప్పో 7 అని పెట్టుకుని, కొత్త కట్టడం తర్కం నుంచీ అవసరం నుంచీ పుట్టాలని వ్యాసాలు రాశారు. అందులో ఇతనొకడు, అప్పటికి 22 ఏళ్ళు. మరుసటి ఏడాది స్టేడియం పక్కన నోవోకోముమ్ అని ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ పని వచ్చింది. పర్మిషన్‌కి పెట్టిన ప్లానులో పాతపద్ధతి అలంకారాలన్నీ ఉన్నాయి. కట్టింది మాత్రం వేరు. 1929లో పరంజాలు విప్పేసరికి ఊరు ఊరంతా గగ్గోలు పెట్టింది. మూలల్ని కోసేసి, అక్కడ గుండ్రటి గాజు గోడలు నిలిపి, వాటి నెత్తిన పై అంతస్తుని మళ్ళీ చదరంగా కూర్చోబెట్టాడు. ఊరి అందం చెడిందా లేదా తేల్చమని కమిటీ వేశారు. చెడలేదని తేల్చారు. జనం దానికి పెట్టిన పేరు 'ఓడ'. సరస్సు వైపునుంచి చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

1937లో పూర్తయిన సాంతెలియా పిల్లల బడి మరీ నచ్చింది నాకు. తరగతి గదుల గోడలు గాజువి, తోటలోకి చాచిన సన్నటి ఫ్రేములకి ఎండాకాలం గుడ్డ పందిళ్ళు కట్టుకోవచ్చు. ఇక్కడ కవాతులూ జెండాలూ ఏమీ లేవు, చిన్నపిల్లలకి వెలుతురు కావాలనే ఒక్క ఆలోచన.

ఇంతవరకే అయితే ఉత్తరం ఇక్కడే ముగించేవాణ్ణి. కానీ కోర్తెసెల్లా గురించి చెప్పకపోతే నీకు సగమే చెప్పినట్టు.

కెథడ్రల్‌కీ సరస్సుకీ మధ్య ఉన్న పాతపేట అది. ఇరుకు సందులు, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళు, పేదజనం. 1934లో కోమో మాస్టర్ ప్లాన్ పోటీలో సీఎం8 అనే జట్టు గెలిచింది. తెర్రాన్యి, పియెత్రో లింజేరి, చెజారే కత్తానెయో, పియెరో బొత్తోని, అంతా ఆధునికులే. గాలి లేదు, వెలుతురు లేదు, ఆరోగ్యానికి మంచిది కాదు అనే వాదనతో 1930ల చివర్లో కోర్తెసెల్లాని నేలమట్టం చేశారు. ఇళ్ళు నిజంగానే అధ్వాన్నంగా ఉండేవి, అది అబద్ధం కాదు. కానీ ఊరి నడిబొడ్డున అంత విలువైన స్థలం ఖాళీ అయితే లాభం ఎవరికో నీకు వేరే చెప్పాలా? ఖాళీ అయిన చోటికి తెర్రాన్యి 1940లో ప్లానులు గీశాడు, కాసా వియెత్తి అనే పాత ఇంటిని కొత్త కట్టడాల మధ్య నిలపాలనీ చూశాడు. 1938లో అల్బెర్తో సార్తోరిస్ అనే ఇంకో ఆర్కిటెక్ట్‌తో కలిసి కోమోలోని రెబ్బియోలో కార్మికులకి ఒక కొత్త పేటకి కూడా డిజైన్ వేశాడు. ప్రతి ఇంటికీ ఎండ తగిలేలా లెక్కలు కట్టిన ప్లాను. అది కాగితం దాటలేదు. కూల్చడం జరిగింది, కట్టివ్వడం జరగలేదు. నాకు మింగుడుపడనిది ఇదేరా. పాలరాయి అతుకుల దగ్గర అంత శ్రద్ధ చూపినవాళ్ళు, అక్కడ అన్నేళ్ళు బతికిన మనుషుల దగ్గరికొచ్చేసరికి ఎందుకు చూపలేకపోయారు?

ఇప్పుడా చోటు పేరు పియాజ్జా పెర్రెత్తా. యుద్ధం తర్వాత కట్టిన ఆఫీసు భవనాల మధ్య కాసేపు నిలబడ్డాను. ఇక్కడొక పేట ఉండేదని తెలియనివాళ్ళకి ఏ ఆనవాలూ కనిపించదు.

తెర్రాన్యిని సైన్యంలోకి పిలిచారు. రష్యా యుద్ధరంగం నుంచి మనసూ ఒళ్ళూ చితికిపోయి తిరిగొచ్చి, 1943 జూలై 19న కోమోలోనే పోయాడు. అప్పటికి 39 ఏళ్ళు. ఆరు రోజులకి ముసోలినీని దించేశారు.

ఈ ఊరు కూల్చివేతల గొడవ ఇంకా వదిలించుకోలేదు. తికోసా అని పెద్ద పట్టు అద్దకం ఫ్యాక్టరీ ఉండేది, 1980ల మొదట్లో మూతపడింది. 2007లో షెడ్లు కూల్చారు. అద్దకాల ఊరు కదా, నేలలో విషం దిగి ఉంది, శుభ్రం చేయడం దగ్గరే ఏళ్ళకేళ్ళు గడిచాయి. ప్లానులు మారాయి, ఖాళీస్థలం మాత్రం అలాగే ఉండిపోయింది. దాంట్లో ఏం కట్టాలన్నా ముందు కోర్తెసెల్లా కథ చదవాలని నా గట్టి నమ్మకం.

నువ్వు రోజూ ఈ రీడెవలప్‌మెంట్ ఫైళ్ళతోనే కుస్తీ పడుతుంటావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను: జనాన్ని ఉన్నచోటే ఉంచి, ఇళ్ళకి గాలీ వెలుతురూ తెచ్చిన ప్రాజెక్టు నీ చేతిమీదుగా ఒక్కటైనా అయిందా? అయితే ప్లానూ, కట్టకముందూ కట్టాకా తీసిన ఫొటోలూ పంపు. వచ్చే వేసవిలో నువ్వొస్తే ఇద్దరం కలిసి వెళ్దాం. కాసా దెల్ ఫాషో లోపలికి అనుమతి దొరుకుతుందేమో ముందే రాసి కనుక్కుంటాను. ఏ నెలలో వస్తావో తొందరగా చెప్పు.

నీ
వాసు