జ్వరం దిగాక సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు మొదలైన దగ్గర్నుంచి మీ పేపర్లో ఫ్లూ జ్వరాల వార్తలు బాగానే వస్తున్నాయి, సంతోషం, కానీ జ్వరం దిగాక మనిషి పడే పాట్ల గురించి ఒక్క ముక్క కనపడట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

మా నాన్నకి జ్వరం నాలుగు రోజుల్లో పోయింది గానీ నీరసం పోలేదు. బాత్రూం దాకా వెళ్లొచ్చి మంచం అంచున కూర్చుని ఆయాసపడేవారు, కాఫీ కూడా సయించేది కాదు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట, రెండు సెలైన్లు ఎక్కించండి లేచి కూర్చుంటాడు అని. వీధి చివర క్లినిక్కాయనైతే దాంతోపాటు బలం ఇంజెక్షన్, ఇంకో కోర్సు యాంటీబయాటిక్ కూడా రాసేశాడు.

అసలా బాటిల్లో ఏముంటుందండీ? 5 శాతం గ్లూకోజ్‌ది అర లీటరు తీసుకుంటే అందులో గ్లూకోజ్ 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాల పంచదారంత. నార్మల్ సెలైన్ అయితే అదీ లేదు, ఉప్పునీళ్లే. వాంతులై నోటితో ఏమీ తీసుకోలేనోళ్లకి అది ప్రాణం నిలబెడుతుంది, కాదనను, కానీ మజ్జిగ తాగగలిగే మనిషికి వందలు పోసి సూది గుచ్చించడం దేనికి? యాంటీబయాటిక్ సరేసరి, ఫ్లూ వైరస్ మీద అది పనే చెయ్యదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే రకం ఫ్లూ కేసులు పెరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషనే చెప్పింది, జ్వరం మూడ్రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, ఊరికే యాంటీబయాటిక్స్ వాడొద్దని. ఎవరు విన్నారు?

ఇక పత్యం. పెద్దవాళ్ల పత్యాన్ని నేను తీసిపారెయ్యను, మిరియాల చారు, పాత చింతకాయ పచ్చడితో వేడన్నం తింటే చప్పబడ్డ నోరు లేస్తుంది, అది నిజం. కానీ జ్వరం దిగాక కూడా గుడ్డు వద్దు పెరుగు వద్దు పప్పు అరగదు అని వారాల తరబడి జావ మీదే ఉంచితే కండ ఎక్కణ్నుంచి వస్తుంది, పెద్ద వయసులో మంచాన పడితే అసలే తొందరగా కరిగిపోతుంది కదా. మేం రాగి జావతోపాటు ఉడకబెట్టిన గుడ్డు, మధ్యాహ్నం మెత్తగా కలిపిన పెసరపప్పన్నం పెట్టాం. నడక ముందు వరండాలో, తర్వాత గేటు దాకా, ఆయాసమొస్తే అక్కడికి ఆపెయ్యడమే, పంతాలకి పోలేదు.

ఉద్యోగాల్లో ఉన్నోళ్లని జ్వరం తగ్గిందిగా రమ్మంటారు. కూలికెళ్లేవాళ్లని ఎవరూ పిలవక్కర్లేదు, పొయ్యి వెలగాలి కాబట్టి వాళ్లే పోతారు.

ఒక్కటి మాత్రం పెద్దక్షరాల్లో వెయ్యండి. తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం కాసినా, ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా, మనిషి మత్తుగా ఉండి మాట తేడాగా వచ్చినా న్యుమోనియా కావచ్చు, బాటిల్ ఎక్కించుకుంటూ కూర్చోకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. అందం చిట్కాలకిచ్చే చోటులో సగం తీసి, షుగర్, గుండె జబ్బులున్నోళ్లు ఎప్పుడు పనిలోకి దిగొచ్చో ఓ గవర్నమెంట్ డాక్టర్‌తో రాయించండి, ఫ్లూ టీకా సంగతి కూడా, అది ఏటేటా వేయించుకోవాలని మా వీధిలో చాలామందికి తెలీదు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఖమ్మం