విశాఖ ఎవరి కంచుకోటా కాదండి

సంపాదకుడు గారికి నమస్కారం,

ఎలక్షన్ మాట వస్తే చాలు, పేపర్లలో 'విశాఖ ఫలానా పార్టీ కంచుకోట' అని హెడ్డింగ్ పెట్టేస్తున్నారు, గాజువాకలో ఏళ్ళ తరబడి ఓటేస్తున్న నాకు అది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది. ఈ ఊరు ఎప్పుడు ఎవరి కోట అయిందండీ?

మా నాన్న చెప్పేవారు, 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రోడ్డెక్కితే 32 మంది ప్రాణాలు పోయాయి, మర్సటేడే 1967లో జనం కాంగ్రెస్‌ని కాదని తెన్నేటి విశ్వనాథం గారిని పార్లమెంటుకి పంపించారు అని. 1981లో కార్పొరేషన్ బీజేపీకి ఇచ్చాం, అప్పటికి ఆ పార్టీ పుట్టి గట్టిగా ఏడాది. ఇక 2009 నుంచి లోక్‌సభకి నాలుగు ఎన్నికలు జరిగితే నాలుగు పార్టీలు గెలిచాయి, పురందేశ్వరి గారు కాంగ్రెస్ టికెట్ మీద, హరిబాబు గారు బీజేపీ టికెట్ మీద, 2019లో వైసీపీ, 2024లో టీడీపీ.

2019 సంగతి ఇంకా బాగా చూడాలి. రాష్ట్రమంతా వైసీపీకి 151 సీట్ల గాలి వీస్తుంటే సిటీలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ టీడీపీకే వచ్చాయి, ఎంపీ సీటు మాత్రం 4 వేల చిల్లర ఓట్లతో వైసీపీకి వెళ్ళింది, జనసేన నుంచి లక్ష్మీనారాయణ గారికి రెండున్నర లక్షలు దాటి పడ్డాయి. అంటే ఒకే బూత్‌లో నిలబడి ఎమ్మెల్యేకి ఒకరికి, ఎంపీకి ఇంకొకరికి నొక్కినవాళ్ళు చాలామందే ఉన్నారు కదా. మా గాజువాకలో అప్పుడు పవన్ కళ్యాణ్ గారే ఓడిపోయారు, ఐదేళ్ళకి అదే గాజువాక కూటమి తరఫున టీడీపీకి 95 వేల పైన మెజారిటీ ఇచ్చింది. మధ్యలో ఏం జరిగిందంటే 2021 జనవరిలో స్టీల్‌ప్లాంట్ అమ్మేస్తామని కేంద్రం చెప్పడం, కూర్మన్నపాలెంలో కార్మికుల దీక్షలు. అన్నం పెట్టిన ప్లాంటు ఉంటుందా పోతుందా అని భయపడే ఇంట్లో జెండా రంగు ఎవడు చూస్తాడండి.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఓటరు మారితే తప్పు లేదు, అది వాడి హక్కు. కానీ 2019లో టీడీపీ టికెట్ మీద గెలిచిన దక్షిణం ఎమ్మెల్యే ఏడాది తిరక్కుండా... సరే, ఏడాది దాటాక అనుకుందాం, వైసీపీ పక్కకి వెళ్ళిపోయారు. 2021లో 98 వార్డుల్లో 58 వైసీపీకి ఇస్తే, కొందరు కార్పొరేటర్లు పార్టీ మారాక 2025 ఏప్రిల్లో అవిశ్వాసం పెట్టి మేయర్ని దింపి టీడీపీ మేయర్ని కూర్చోబెట్టారు. ఎమ్మెల్యే ఎన్నికల్లో జనం తీర్పు మారింది నిజమే, కానీ కార్పొరేటర్ ఓటు మళ్ళీ మమ్మల్ని ఎవరూ అడగలేదు. రెండు పార్టీలూ చేసింది ఒకటే. రాజీనామా చేసి మళ్ళీ గెలిచి రావచ్చు కదా.

అందుకే మీకో విన్నపం. కార్పొరేషన్ ఎన్నికలు వచ్చినప్పుడు ఏ వార్డులో ఎవరు ఏ టికెట్ మీద గెలిచారు, పదవీకాలం చివర్లో ఏ పార్టీలో ఉన్నారు, వార్డు వారీగా జిల్లా ఎడిషన్‌లో ఒక పేజీ వేయండి.

– ఒక ఓటరు, గాజువాక, విశాఖపట్నం