పరుగెత్తే కుర్రాడికి పాస్ నేర్పాల్సింది ఎవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ప్రవాస పేజీలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీద ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. క్వార్టర్‌బ్యాక్ ఎంత బాగా పరుగెత్తినా, పాస్ సరిగా వేయలేకపోతే జట్టు ఒక స్థాయి దాటి వెళ్లలేదని అందులో రాశారు. నేను అలబామాలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి. ఇక్కడ శనివారం వచ్చిందంటే ఆఫీసు స్నేహితులైనా, గుడిలో కలిసేవాళ్లయినా మాట్లాడేది ఈ ఆట గురించే. మీ వ్యాసంలో చెప్పింది చాలావరకు నిజం. కానీ ఆ లోపం మొత్తం ఇరవై ఏళ్ల కుర్రాడి నెత్తిన వేసి వదిలేయడం నాకు న్యాయంగా అనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆట అంతగా తెలియని పాఠకుల కోసం కొంచెం చెబుతాను. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. ఒక్కో అవకాశాన్ని ‘డౌన్’ అంటారు. బంతిని మైదానం అవతలి చివరనున్న ఎండ్ జోన్‌లోకి చేరిస్తే టచ్‌డౌన్. దాదాపు ప్రతిసారీ బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. అతను దాన్ని దూరంగా ఉన్నవాడికి విసరొచ్చు, పక్కనున్నవాడికి అందించొచ్చు, లేదా తనే పట్టుకుని పరుగెత్తొచ్చు. బంతి అందించేసి నిలబడిపోయే క్వార్టర్‌బ్యాక్ అయితే ఆ రన్‌లో అవతలి పదకొండు మందిని పది మందే ఎదుర్కోవాలి. అతను కూడా పరుగెత్తగలిగితే బలం సమానమవుతుంది. కాలేజీ రూల్స్ కూడా ఇలాంటి క్వార్టర్‌బ్యాక్‌కి కలిసొస్తాయి. పాస్ వేసేటప్పుడు అతని ముందు కాపలాగా నిలబడే లైన్‌మెన్ మూడు గజాల దాకా ముందుకు వెళ్లొచ్చు, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క గజమే. అందుకని అది రన్నో పాసో డిఫెన్స్‌కి చివరి క్షణం దాకా తేలదు. ప్రతి ఆటకీ బంతిని ఏ రెండు గీతల మధ్య పెట్టాలో చెప్పే హాష్ మార్కుల మధ్య దూరం ఎన్ఎఫ్ఎల్‌లో 18న్నర అడుగులైతే కాలేజీలో 40 అడుగులు. బంతి ఒక పక్కన పెడితే రెండో పక్క బోలెడంత ఖాళీ దొరుకుతుంది. కాళ్లున్న క్వార్టర్‌బ్యాక్‌ని కాలేజీ కోచ్‌లు అంతగా వెతుక్కునేది ఇందుకే.

ఇక పాస్ లేకపోతే ఏమవుతుందో 2024 నవంబర్ 23న రెండు మైదానాల్లో కనిపించింది. నార్మన్‌లో మా అలబామా యూనివర్సిటీ జట్టు 24-3 తేడాతో ఓక్లహోమా చేతిలో ఓడిపోయింది. రెండు వారాల ముందు లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) మీద 185 గజాలు పరుగెత్తి నాలుగు టచ్‌డౌన్లు కొట్టిన అలబామా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ మిల్‌రోకి ఆ రోజు ఎక్కడా సందు దొరకలేదు. 26 పాస్‌లు వేస్తే 11 అందాయి, మూడు అవతలివాళ్ల చేతుల్లో పడ్డాయి. అదే రోజు న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, అప్పటిదాకా ఓటమి ఎరుగని, సైనిక అకాడమీ కాలేజీ అయిన ఆర్మీ జట్టు నోటర్ డేమ్ చేతిలో 49-14తో చిత్తయింది. ఆర్మీ క్వార్టర్‌బ్యాక్ బ్రైసన్ డేలీ ఆ సీజన్‌లో 32 రన్నింగ్ టచ్‌డౌన్లు కొట్టాడు, జట్టు 12 మ్యాచ్‌లు గెలిచింది. అయినా తమకన్నా బలమైన జట్టు ఎదురై, స్కోరులో వెనకబడ్డాక, గడియారం తిరుగుతుంటే పరుగుతో తేడా పూడ్చడం వాళ్లవల్ల కాలేదు.

దీని వెనక లెక్క తేలికే. పాస్ భయం లేదని తెలిస్తే, వెనక కాపలా కాయాల్సిన సేఫ్టీని డిఫెన్స్ ధైర్యంగా ముందుకు తెస్తుంది. ఆఫ్ సైడ్ ఆడలేని బ్యాటర్‌కి కెప్టెన్ ఫీల్డర్లందరినీ లెగ్ సైడ్‌కి తెచ్చినట్టన్నమాట. చిన్న జట్ల మీద ఇది బయటపడదు, ఎందుకంటే వాళ్ల దగ్గర అంత వేగంగా కదిలే ఆటగాళ్లు ఉండరు. సీజన్ చివర్లో, పెద్ద మ్యాచ్‌లో, థర్డ్ డౌన్‌కి ఇంకా ఎనిమిది గజాలు కావాల్సినప్పుడు బయటపడుతుంది.

పాస్ లేకుండానే నెగ్గినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1996 జనవరిలో జాతీయ ఛాంపియన్‌ని తేల్చిన ఫియెస్టా బౌల్ మ్యాచ్‌లో నెబ్రాస్కా 62-24తో ఫ్లోరిడాని తుడిచిపెట్టింది. నెబ్రాస్కా క్వార్టర్‌బ్యాక్ టామీ ఫ్రేజియర్ ఆ రోజు 14 పాస్‌ల్లో ఆరే పూర్తిచేశాడు. 199 గజాలు మాత్రం పరుగెత్తాడు. కానీ అతని ముందున్న లైన్‌ని అడ్డుకోగలిగిన జట్టు అప్పట్లో దేశంలో లేదు. అలాంటి లైన్ ఏ కాలేజీకో ఎప్పుడో ఒకసారి కుదురుతుంది. దాన్ని చూపించి పాస్ అక్కర్లేదనడం కుదరదు.

ఇంతవరకు మీ వ్యాసంతో నాకు పేచీ లేదు. నా అభ్యంతరమల్లా పాస్ బలహీనతని పుట్టుకతో వచ్చిన గుణంలా రాయడం మీదే. పాస్ అంటే చేతి బలం ఒక్కటే కాదు. మిల్‌రోది చాలా బలమైన చెయ్యి. 2023లో ఆబర్న్ మీద ఫోర్త్ డౌన్‌కి 31 గజాలు కావాల్సినప్పుడు అతను ఎండ్ జోన్ మూలకి వేసిన పాస్‌తోనే అలబామా 27-24తో గెలిచింది. అతను ఇబ్బంది పడింది దగ్గరి పాస్‌ల దగ్గర. మీదికి ఎవరు వస్తున్నారు, మధ్యలో ఎవరు ఖాళీగా ఉన్నారు అన్నది రెండు సెకన్లలో చూసి బంతి వదలాలి. ఇది చూస్తూ, తప్పులు చేస్తూ, అలవాటుతో వచ్చేది. ఎవరో ఒకరు దగ్గరుండి నేర్పాలి.

నేర్పితే వస్తుందనడానికి జేలెన్ హర్ట్స్ కన్నా సాక్ష్యం అక్కర్లేదు. 2016లో కాలేజీలో అడుగుపెట్టిన ఏడాదే అలబామాకి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. ఆ సీజన్‌లో 954 గజాలు పరుగెత్తాడు, జట్టుని ఫైనల్‌కి తీసుకెళ్లాడు. ఫైనల్లో క్లెమ్సన్ మీద 31 పాస్‌ల్లో 13 మాత్రమే పూర్తయ్యాయి. ఆఖర్లో తనే 30 గజాలు పరుగెత్తి ఆధిక్యం తెచ్చినా ఒక్క సెకను మిగిలుండగా జట్టు ఓడిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ ఫైనల్, ఈసారి అట్లాంటాలో జార్జియాతో. సగం ఆట అయ్యేసరికి హర్ట్స్ వేసిన ఎనిమిది పాస్‌ల్లో మూడు అందాయి, వచ్చింది 21 గజాలు, స్కోరు 13-0తో జార్జియా ముందంజ. కోచ్ నిక్ సేబన్ అతన్ని కూర్చోబెట్టి టువా టాగొవైలోవాని దించాడు. టువా మూడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, అలబామా ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచింది. సేబన్ నిర్ణయం సరైనదే. బలహీనమైన పాస్ జట్టుని ఎంత బిగించేస్తుందో చూపించడానికి ఆ రెండు హాఫ్‌లే చాలు.

కానీ ఆ కుర్రాడికి ఎవరెవరు నేర్పారో కూడా చూడాలి. 2016లో అఫెన్స్ (బంతితో దాడి చేసే విభాగం) బాధ్యత లేన్ కిఫిన్‌ది. ఫైనల్ ఒక్కదానికి ఆయన స్థానంలో స్టీవ్ సార్కీసియన్ వచ్చాడు. 2017లో బ్రయన్ డేబల్, 2018లో మైక్ లాక్స్‌లీ. ఏడాదికో మాస్టారు, ఏడాదికో ప్లేబుక్ (ఎత్తుగడల పుస్తకం). పరుగుతో మ్యాచ్‌లు గెలుస్తున్నంతకాలం పాస్ సంగతి తర్వాత చూద్దామనుకున్నారేమో అనిపిస్తుంది. 2018లో బెంచి మీదున్న హర్ట్స్ అవకాశం వచ్చినప్పుడు వేసిన 70 పాస్‌ల్లో 51 పూర్తిచేశాడు. అదే అట్లాంటాలో, అదే జార్జియా మీద, టువా గాయపడితే దిగి మ్యాచ్ గెలిపించాడు. తర్వాత ఓక్లహోమా వెళ్లి కోచ్ లింకన్ రైలీ దగ్గర 3,851 గజాల పాసింగ్, 32 టచ్‌డౌన్ పాస్‌లతో పాటు 1,298 గజాల పరుగు కూడా సాధించాడు. పాస్ ఒకవైపు మెరుగైనా కాళ్లలో వేగం ఎక్కడా తగ్గలేదు. 2025 ఫిబ్రవరిలో అతను ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఇలాంటివాణ్ణి 2018 జనవరిలో ‘ఇతనికి పాస్ రాదు’ అని కొట్టిపారేసినవాళ్లు ఎందరో.

ఈ ముద్ర ఎక్కువగా నల్లజాతి కుర్రాళ్ల మీదే పడుతుందన్నది కూడా మీ పత్రిక రాయాల్సిన విషయం. లూయీవిల్ తరఫున 2016లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన లామార్ జాక్సన్‌ని పాస్ అందుకునే రిసీవర్‌గా మారమని పెద్దపెద్దవాళ్లు సలహా ఇచ్చారు. అతను మారలేదు. 2019లోను, 2023లోను ఎన్ఎఫ్ఎల్ ఎంవీపీ అయ్యాడు.

కోచ్‌లకు టైమ్ లేదన్న మాట ఉంది, అందులో కొంత నిజం కూడా ఉంది. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి అధికారిక ప్రాక్టీస్ ఉండకూడదు. ఇప్పుడు ఆటగాళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే జాబితాలో పేరు నమోదు చేసుకుని ఏటా కాలేజీలు మారుతున్నారు, ఒక కుర్రాణ్ణి మూడేళ్లు ఓపిగ్గా తీర్చిదిద్దే వీలు తగ్గింది. అయినా అలబామాది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ఇప్పుడున్న కోచ్ కేలెన్ డీబోర్ జీతం ఏడాదికి కోటి డాలర్లు దాటింది. ఈ రాష్ట్రంలో పన్నులు కట్టే వాళ్లలో, ఆ క్యాంపస్‌లో పిల్లల్ని చదివించే వాళ్లలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అంత జీతం ఇచ్చేది ఉన్న కాళ్లని వాడుకోవడానికి మాత్రమేనా అని అడిగే హక్కు మాకుంది.

కనుక సంపాదకులకు నా మనవి ఒక్కటే. ఇకమీద ఏ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ గురించైనా ‘పాస్ బలహీనం’ అని రాసేటప్పుడు అతనికి ఎన్నేళ్లలో ఎంతమంది కోచ్‌లు మారారో కూడా పక్కనే రాయించండి. వారంలో ఆ 20 గంటల్లో పాస్ నేర్పడానికి ఎంతసేపు కేటాయించారో కోచ్‌లని అడిగి ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
హంట్స్‌విల్, అలబామా