పదవీ విరమణ బంగారానికి గ్రేడు అవసరమా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఉద్యోగ విరమణకు దగ్గరపడిన తెలుగువారు కొందరు ఉద్యోగం ద్వారా 401కె అనే పదవీ విరమణ పథకంలో దాచిన పొదుపులో కొంత భాగాన్ని బంగారు ఐఆర్ఏ ఖాతాలోకి, అంటే పన్ను వెసులుబాటుతో బంగారాన్ని దాచుకొనే సొంత పదవీ విరమణ ఖాతాలోకి, మార్చుకుంటున్నారు. బంగారం దాచుకోవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. వృద్ధాప్యానికి దాచే ఆ బంగారం పేరుతో ‘గ్రేడెడ్’ నాణేలను అంటగడుతున్న తీరు మీద మీ పత్రిక దృష్టి పెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

గ్రేడు అంటే నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే అంకె. పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు నాణేన్ని పరీక్షించి, 1 నుంచి 70 దాకా ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తాయి. నాణెం అసలుదేనన్న భరోసా కూడా దానితో వస్తుంది, కాదనను. కానీ అమెరికా టంకశాల 1986 నుంచి ముద్రిస్తున్న ఒక ఔన్సు గోల్డ్ ఈగిల్ నాణేనికి 70 వచ్చినా, 69 వచ్చినా, అసలు గ్రేడే వేయించకపోయినా, అందులో ఉండే మేలిమి బంగారం 31.1 గ్రాములే. ఐఆర్ఏ విషయంలో పన్ను చట్టం కూడా గ్రేడును అడగదు. సాధారణంగా వెయ్యి పాళ్లలో 995 పాళ్లు మేలిమి ఉండాలంటుంది, 22 కారట్ల ఈగిల్‌కు మాత్రం ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది.

మా తోడల్లుడు మూడేళ్ల క్రితం ఫోనులో ఒక అమ్మకందారు మాట నమ్మి, బంగారం ధర మీద దాదాపు మూడో వంతు అదనంగా పెట్టి, 70 గ్రేడు ఈగిల్స్ పది కొన్నారు. నిరుడు డబ్బు అవసరమై వాటిని ఖాతా నుంచి విడిపించుకున్నప్పుడు నాణేల దుకాణానికి ఆయనతో నేనూ వెళ్లాను. దుకాణదారు పెట్టె మీది నంబరును కంప్యూటరులో సరిచూసుకొని, పక్క తెర మీద ఆ రోజు ఔన్సు ధర చూసి, దానికి కాస్త కలిపి రేటు చెప్పారు. అంతే. ఈలోగా బంగారం పెరగబట్టి ఆయన నష్టపోలేదు గానీ, అదే సొమ్ముతో మామూలు నాణేలు కొని ఉంటే పదికి బదులు పన్నెండు చేతికి వచ్చేవి.

మా అమ్మమ్మ నగ కొనేటప్పుడు మజూరీ, తరుగు ఎంతో ముందే తేల్చుకొనేది, ఎందుకంటే అమ్మేనాడు అవి తిరిగి రావని ఆమెకు తెలుసు. నగకైతే ఒంటి మీద పెట్టుకున్న ముచ్చటైనా మిగులుతుంది. ఐఆర్ఏ నాణేలను ఇంట్లో బీరువాలో పెట్టుకున్నా, ఆ సొమ్ము ఖాతా నుంచి తీసుకున్నట్టేనని, పన్ను పడుతుందని 2021లో అమెరికా పన్నుల న్యాయస్థానం ఒక కేసులో తేల్చింది. కళ్లారా చూసుకోవడానికి కూడా వీల్లేని నాణెం అందానికి అంత ధర ఎందుకు కట్టాలి?

దీనికి అమ్మకందారులు చెప్పే జవాబు, ప్రభుత్వం మళ్లీ బంగారం లాక్కుంటుందని, గ్రేడెడ్ నాణేలనైతే వదిలేస్తుందని భయపెట్టడం. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ప్రజల దగ్గరి బంగారాన్ని అప్పగించమన్నప్పుడు నాణేలు సేకరించేవారి దగ్గరి అరుదైన నాణేలను వదిలేసిందన్నది నిజమే. మన దేశంలో 1960లలో వచ్చిన బంగారు నియంత్రణ గుర్తున్న పెద్దలకు ఆ మాట సూటిగా తగులుతుంది. అయితే నిన్న మొన్న ముద్రించిన ఈగిల్‌ను ప్లాస్టిక్ పెట్టెలో పెట్టినంత మాత్రాన అది అరుదైనది కాదు. పోనీ నిజంగా అరుదైన పాత నాణేలే కొందామంటే, ఐఆర్ఏ సొమ్ముతో కొన్న మరుక్షణం చట్టం దాన్ని ఖాతా నుంచి తీసుకున్న సొమ్ముగా లెక్కగట్టి పన్ను వేస్తుంది. 59½ ఏళ్లు నిండనివారికి మామూలుగా మరో 10 శాతం అదనం.

పాత నాణేల మీద మక్కువతో, వాటి చరిత్ర తెలిసి కొనేవారికి గ్రేడు ప్రాణం, ఆ సంగతి వేరు. వృద్ధాప్యపు ఖర్చు కోసం దాచేవారికి కావలసింది మాత్రం తూకం, స్వచ్ఛత, తిరిగి అమ్మితే వచ్చే రేటు. అందుకని, కొన్న రోజే తిరిగి ఇస్తే ఎంత చెల్లిస్తారో అమ్మకందారు బిల్లు మీద రాసి ఇవ్వాలన్న నిబంధన రావాలి. అది వచ్చేలోపు, ఇక్కడి తెలుగు సభల్లో ఇలాంటి వారికి స్టాళ్లు ఇచ్చే సంఘాలైనా ఆ షరతు పెట్టాలని, మీ ప్రవాసుల పేజీలో ఈ విషయాన్ని వివరంగా ప్రచురించాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
డాలస్