ఆసుపత్రి పరిచర్య నిధి: జమా ఖర్చుల వివరణ

ప్రభువునందు ప్రియమైన సంఘస్తులకు కమిటీ వందనములు.

మిషన్ ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు మాకు ఏడు నిమిషాలు ఇచ్చారు. ప్రభుత్వ ఆసుపత్రిలో రోగికి భోజనం దొరుకుతుంది గాని, మంచం పక్కన నేల మీద పడుకునే తల్లికో భర్తకో దొరకదని ఆ ఏడు నిమిషాల్లో చెప్పి, వారికి భోజనం చేర్చడానికి కానుకలు అడిగాం. మీరు స్పందించిన తీరుకు కృతజ్ఞతలు చెప్పడానికి మాటలు చాలవు. ఆ రోజు నుండి ఆరు నెలల లెక్క ఇది.

జమ: ఆ ఆదివారం కానుక సంచుల్లో 38,460 రూపాయలు. ఇంత ఇస్తామని రాసిచ్చిన వాగ్దాన కార్డుల ద్వారా ఇప్పటివరకు 81,500. స్త్రీల సమాజం పచ్చళ్ళ అమ్మకం 12,300. సండే స్కూలు పిల్లల డబ్బాలు 4,215. మొత్తం 1,36,475. ఇళ్ళలో తీసిపెట్టి ఇచ్చిన పిడికెడు బియ్యం నేరుగా వంటకే వాడాం కాబట్టి ఈ లెక్కలో చేర్చలేదు. ఆ బియ్యమే లేకపోతే కిరాణా ఖర్చు ఎంతో పెరిగేది.

ఖర్చు: కిరాణా, కూరగాయలు 52,340. గ్యాసు 9,600. స్టీలు క్యారియర్లు, గంటెలు 8,750. పెద్ద అక్షరాల కొత్త నిబంధన గ్రంథాలు 6,200. తెర అద్దె, కార్డుల ముద్రణ 4,100. ఆటో బాడుగ నెలకు 3,500 చొప్పున 21,000. మొత్తం 1,01,990. నిల్వ 34,485. ఇందులో 33,000 బ్యాంకులో, మిగిలినది కోశాధికారి దగ్గర ఉన్నాయి.

తెరకు అద్దె ఎందుకని అడిగారు. ఆ ఆదివారం ఆరాధనలో వెనుక వరుసల వారికి వంట పాత్రలు, వడ్డన బొమ్మలు కనిపించాలని పెట్టాం. రోగుల ముఖాలు చూపించి ఉంటే కానుకలు ఇంకా ఎక్కువ వచ్చేవని ఒకరిద్దరు పెద్దలు అన్నారు. వచ్చేవేమో. అయినా బాధలో ఉన్న మనిషి ముఖాన్ని చూపి డబ్బు అడగడం మాకు ఇష్టం లేదు. ఇకముందు కూడా చూపించం.

ఇప్పుడు వ్యాను సంగతి. ఆ ప్రసంగంలో భోజనం తీసుకెళ్ళడానికి పాత వ్యాను ఒకటి కొనాలన్న ఆశ చెప్పిన మాట నిజం. వ్యాను రాలేదు, ఆటో వచ్చింది. "వ్యాను డబ్బు ఏమైంది?" అన్న ప్రశ్న కూటముల్లోనూ గుడి మెట్ల మీదా మా చెవిన పడుతూనే ఉంది. వ్యాను కోసమని విడిగా ఒక్క రూపాయి కూడా మా చేతికి రాలేదు. అమెరికాలో స్థిరపడిన మన సంఘ బిడ్డ ఒకరు 50,000 ఇస్తామన్నారు. వారి మనసు గొప్పది. అయితే వారు ఇప్పుడు అమెరికా పౌరులు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ పౌరులు ఇచ్చేది, వారు పుట్టింది ఇక్కడే అయినా, విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ అనుమతి ఉండాలి. 2020 సవరణ తరువాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా కూడా ఉండాలి. మనకు ఆ రెండూ లేవు. ఆ దాత తమ్ముడి ఖాతాకు పంపించుకుని అక్కడి నుండి నిధిలో వేయవచ్చని సలహా వచ్చింది. అది చట్టం కళ్ళు కప్పడమే, కాబట్టి ఒప్పుకోలేదు. కువైట్‌లో పనిచేస్తున్న సహోదరుడి 5,000 మాత్రం తీసుకున్నాం. ఆయన భారత పౌరుడు, తన సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపారు. అది కార్డుల జమలోనే ఉంది.

ఆ 50,000 వచ్చినా వ్యాను ఎవరి పేరున కొనాలి? మన సంఘం ఇంకా సొసైటీగా నమోదు కాలేదు. ఆర్.సి. పుస్తకం కమిటీలో ఎవరో ఒకరి పేరున రాయించాలి. రేపు ప్రమాదం జరిగితే ఆ కుటుంబం కోర్టు చుట్టూ తిరగాలి. ఆ మనిషి సంఘం మారితే వ్యాను ఎవరిదన్న గొడవ వస్తుంది. బీమా, డ్రైవరు జీతం, మరమ్మతులు అదనం. ఆటో అయితే బుధ, ఆదివారాల్లో వచ్చి, అన్నం చల్లారకముందే దించి వెళ్తుంది. చెప్పింది చేయలేదన్నవారికి మా జవాబు ఇదే: మనం పూనుకున్నది భోజనం చేర్చడానికి, అది ఏ వారమూ ఆగలేదు. నమోదుకు ఏడుగురు సభ్యులు కావాలి, పేర్లు ఖరారు చేస్తున్నాం. పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడిగినవారు గమనించాలి, ఆదాయపు పన్ను శాఖ ధ్రువీకరణ లేనిదే అది ఇవ్వలేం.

ఆరాధనలో డబ్బు మాట ఎత్తకూడదన్న విమర్శ కూడా వచ్చింది. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు చందా గురించే. తన మీద ఎవరూ తప్పు మోపకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని తన జతపనివాడైన తీతుతో పాటు పంపాడు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. సంచులు ఆ రోజే నలుగురి ఎదుట లెక్కపెట్టాం, వారిలో ఇద్దరు కమిటీవారు కారు. చెక్కు మీద రెండు సంతకాలు ఉంటేనే డబ్బు కదులుతుంది.

ఒక్క మాట బాధతోనే రాస్తున్నాం. కార్డుల మీద రాసిన మొత్తం 1,20,000. ఇంకా 38,500 రావాలి. చేతిలో లేనివారు ఒక్క మాట చెబితే చాలు, కార్డు వెనక్కి ఇచ్చేస్తాం, ఎవరికీ తెలియనివ్వం. అయితే లెక్కలు గట్టిగా అడిగిన కొన్ని ఇళ్ళ నుండే కార్డు సొమ్ము రాలేదు. పేర్లు రాయడం లేదు, గోడ మీద అంటించబోము కూడా. వృద్ధాప్య పింఛను అందిన రోజునే వచ్చి కార్డు తీర్చిన అమ్మమ్మలు ఈ సంఘంలో ఉన్నారు. ఆ సంగతి మాత్రం అందరికీ తెలియాలి.

రసీదు పుస్తకాలు, కిరాణా బిల్లులు, బ్యాంకు పాసుపుస్తకం వచ్చే రెండు ఆదివారాలు ఆరాధన తరువాత వెస్ట్రీ గదిలో ఉంటాయి. ఎవరైనా తిరగేయవచ్చు. ఆటో యజమాని రాసిచ్చిన నెలవారీ రసీదులు కూడా అక్కడే ఉంటాయి.

ఆసుపత్రి పరిచర్య కమిటీ