తోపుడు బండికి వింటర్ టైర్లు

ఫ్రిస్కో, టెక్సస్
అక్టోబర్ 5

చి. చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఫోన్‌లో చెబితే "చూస్తాలే అమ్మా" అని పెట్టేస్తావు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. తెలుగు కూడబలుక్కుని చదవడానికి నీకు టైము పడుతుంది. పట్టనీ. నెమ్మదిగా చదివితేనే బుర్రకెక్కే విషయం ఇది.

మినెసోటాలోని మినియాపోలిస్‌కు మారబోతున్నావు కదా, నీ కారు గురించి నిన్న రాత్రి నాన్నా నువ్వూ వాదించుకున్నది వంటింట్లోంచి విన్నాను. "ఆ బీఎండబ్ల్యూ అమ్మేసి ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ కొనుక్కో, మినియాపోలిస్‌లో వెనక చక్రాల బండి నడవదు" అని ఆయన. "డిక్కీలో రెండు ఇసుక బస్తాలు పడేస్తే సరిపోతుందట" అని నువ్వు. ఇద్దరూ చెప్పిందీ తప్పే. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో ఎనిమిది చలికాలాలు రాత్రి డ్యూటీలకు కారు నడిపింది నేను. ఆ రోజుల్లో మీ నాన్న పక్కింటాయన కారులో డ్రైవరు కూర్చునే ఎడమచేతి వైపు కూడా కాదు, కుడిచేతి వైపు కూర్చుని ఆఫీసుకెళ్ళి వచ్చేవారు. కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట విను.

నీకెప్పుడూ చెప్పనిది ఒకటి ఉంది. 2000 జనవరి. మాకు అక్కడ అదే మొదటి చలికాలం. మాకున్నది మూడు చేతులు మారిన పాత కారు, వెనక చక్రాల డ్రైవ్, అంటే ఇంజను తిప్పేది వెనక చక్రాలనే. టైర్ల మీద ఆల్ సీజన్ అని ఉంది. ఉంటే, అన్ని కాలాలకూ పనికొస్తాయి కాబోలనుకున్నాను. పైగా సగానికి పైగా అరిగినవి. ఒంటారియో సరస్సు మీదుగా వచ్చే గాలి ఆ ఊళ్ళో ఏటా 120 అంగుళాలకు పైనే స్నో కుమ్మరిస్తుందని అప్పటికి నాకు తెలియదు. పొద్దున్నే డ్యూటీ దిగి వస్తూ, హైవే నుంచి కిందకు దిగే వంపులో కాస్త యాక్సిలరేటర్ నొక్కాను. అంతే, బండి వెనక భాగం నన్ను దాటి ముందుకొచ్చేసింది. కళ్ళు తెరిచేసరికి వచ్చిన దారివైపు ముఖం పెట్టి స్నో గుట్టలో కూరుకుపోయి ఉన్నాను. దెబ్బలేమీ తగల్లేదు. నువ్వప్పుడు కడుపులో ఐదో నెల. మీ నాన్నతో "కొంచెం జారింది" అన్నానంతే. ఇప్పటికీ ఆయనకు తెలిసింది అదే.

ఆ వారం గ్యారేజీలో ఒక ముసలి మెకానిక్ నా చెయ్యి పట్టుకుని ముందు నా టైరు మీద గోరు నొక్కించాడు. దిగలేదు, చెక్కలా ఉంది. పక్కనే, అదే చలిలో పెట్టి ఉన్న వింటర్ టైరు మీద నొక్కించాడు. గోరు అచ్చు పడింది. సగం పాఠం అదే. మనింట్లో కొబ్బరినూనె సంగతి చూశావుగా, వేసవిలో నీళ్ళలా కారుతుంది, డిసెంబరు రాగానే సీసాలో గడ్డకట్టుకుపోయి పుల్లతో పొడిచినా రాదు. రబ్బరూ అలాంటిదే. మామూలు టైరు రబ్బరు దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కిందకు వెళ్ళేసరికి బిగుసుకోవడం మొదలుపెడుతుంది. ఇప్పుడు నీ కారుకున్నవి సమ్మర్ టైర్లు, ఆల్ సీజన్ కూడా కాదు. బాగా గడ్డకట్టే చలిలో వాటి మీద బండి కదిపితే రబ్బరు పగుళ్ళిస్తుందని వాటి కంపెనీలే హెచ్చరిస్తాయి. 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయి మనం దుప్పట్లు కప్పుకుని కూర్చున్న వారం గుర్తుందా? మన డ్రైవ్‌వే మీద నాన్న కారు బ్రేకు నొక్కి ఉంచినా తనంతట తనే వీధిలోకి జారింది. అది ఇక్కడ ఒక్క వారం. అక్కడ నాలుగైదు నెలలు.

మిగతా సగం పాఠం వెనక చక్రాల గురించి. నీ కారు తోపుడు బండి లాంటిది. అరటిపళ్ళ బండివాడు వెనక నుంచి తోస్తాడు కదా, బురదలో పడితే బండి ముక్కు ఒకవైపు, తోసేవాడు ఒకవైపు పోతారు. ముందు చక్రాల కారు ఎద్దుబండి లాంటిది, ముందు నుంచి లాగుతుంది. పైగా ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే ఉంటుంది. నీ బండిలో బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. ఎండిన రోడ్డు మీద అది అంత ముచ్చటగా తిరగడానికి కారణం అదే. కానీ జారే రోడ్డు మీద బయల్దేరేటప్పుడు అదే కాస్త ఇబ్బంది పెడుతుంది. ఇసుక బస్తాలు ఖాళీ పికప్ ట్రక్కుల కాలం నాటి చిట్కా. నీ కారులో వేస్తే బ్రేకు వేసినప్పుడు ఆపాల్సిన బరువు పెరుగుతుంది, వంపులో అవి అటూ ఇటూ దొర్లుతాయి. పిల్లుల కింద పోసే ఇసుక ఉంటుందే, అది ఒక చిన్న సంచి మాత్రం ఉంచుకో. బరువుకు కాదు, ఇరుక్కున్నప్పుడు చక్రం కింద చల్లడానికి.

ఇక నాన్న వాదన. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పితే బండి బయల్దేరడం సులువవుతుంది, నిజమే. ఆగడం మాత్రం ఏ కారైనా నాలుగు టైర్ల మీదే ఆగుతుంది. బోడి టైర్లతో దర్జాగా బయల్దేరిన ఎస్‌యూవీలు ఎన్ని సిరక్యూజ్‌లో గుంటల్లో దిగబడి ఉండేవో! మంచి వింటర్ టైర్లున్న నీ తోపుడు బండి, మామూలు టైర్లున్న ఆ ఎస్‌యూవీ కంటే ముందే ఆగుతుంది. పైగా నీ మొదటి జీతం డబ్బుతో కొనుక్కున్న కారు. ఉంచుకో.

సరే, ఏవి కొనాలి? మన భాషలో మంచు అన్న ఒక్క మాటలోనే స్నో, ఐస్, పొగమంచు అన్నీ ఇమిడిపోతాయి. టైర్ల విషయంలో ఆ సౌకర్యం పనికిరాదు. వింటర్ టైర్లలో రెండు రకాలున్నాయి. ఒకటి వేగంగా నడిపేవాళ్ళ కోసం చేసింది, మిషెలిన్ పైలట్ ఆల్పిన్ లాంటివి. ఎండిన రోడ్డు మీద స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది. నీ మనసు అటే లాగుతుందని నాకు తెలుసు. రెండోది అచ్చంగా స్నో, ఐస్ కోసం: బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, నోకియన్ హక్కపెలీటా ఆర్ రకం. రబ్బరు మరీ మెత్తన, దాని మీద సన్నని కత్తిగాట్లు వందల కొద్దీ. వంపుల్లో కొంచెం వదులుగా, నీళ్ళలో నానిన చెప్పులేసుకున్నట్టు ఉంటుంది. నువ్వు రెండోదే కొను.

ఎందుకంటే మినియాపోలిస్ సమస్య సిరక్యూజ్ సమస్య లాంటిది కాదు. మాకు స్నో ఎక్కువ, మీకు చలి ఎక్కువ. రోడ్డు మీద చల్లే ఉప్పు దాదాపు 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దిగువన పెద్దగా పనిచేయదు. అప్పుడు సిగ్నళ్ళ దగ్గర ఆగిన కార్ల పొగలో ఉన్న ఆవిరి రోడ్డు మీదే గడ్డకట్టి కంటికి కనిపించని అద్దంలా మారుతుంది. నువ్వు ఆగాల్సింది దాని మీద. ఇనుప మేకులు కొట్టిన టైర్లు బిగించుకుందామంటే మినెసోటా వాసులకు వాటికి అనుమతి లేదు, ఆ ఆలోచన వదిలెయ్. జపాన్ వాళ్ళు కూడా మేకుల టైర్లు రోడ్లను చెక్కేసి దుమ్ము లేపుతున్నాయని 1990లో చట్టం తెచ్చి ఆపారు. మేకుల్లేకుండా ఐస్‌ను పట్టుకునే ఈ మెత్తని టైర్లు అక్కడ అంత బాగా ఎదగడానికి అదీ ఒక కారణం.

కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు ఉన్న గుర్తు చూడు. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అన్న అక్షరాలుంటే చాలని షాపువాడంటే నమ్మకు. అవి గాట్ల ఆకారాన్ని చూసి కంపెనీ తనంతట తాను వేసుకునేవి. కొండ గుర్తుకు మాత్రం స్నో మీద పరీక్ష ఉంటుంది. అదీ స్నో మీదే, ఐస్ మీద కాదు.

సైజు దగ్గర నీకు కోపం వస్తుంది, ఓపిగ్గా చదువు. నీ 2014 బీఎండబ్ల్యూ 3 సిరీస్ 328ఐ కి ఇప్పుడు 18 అంగుళాల రిమ్ములు, ముందు 225/45, వెనక 255/40 (మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది రబ్బరు గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో). చలికాలానికి 17 అంగుళాల రిమ్ములు నాలుగు విడిగా కొని, నాలుగింటికీ ఒకటే సైజు, 225/50 వెయ్యి. లెక్క నేనే వేసి చూశాను. ఇప్పటి చక్రం ఎత్తు దాదాపు 660 మిల్లీమీటర్లు, కొత్తది 657. స్పీడోమీటర్ పెద్దగా తేడా చూపించదు. వెనక వెడల్పు టైరు అందంగానే ఉంటుంది, కానీ స్నో మీద వెడల్పాటిది పడవలా తేలుతుంది, సన్ననిది కోసుకుంటూ కిందకు దిగుతుంది. రబ్బరు గోడ ఎత్తుగా ఉంటే గుంతల్లో రిమ్ము వంగడమూ తక్కువ, చలికాలం చివర్లో మీ ఊళ్ళో గుంతలకు కొదవుండదు. నాలుగూ ఒకటే సైజైతే ముందువి వెనక్కూ వెనకవి ముందుకూ మార్చుకోవచ్చు. నీ కారులో వెనకవే త్వరగా అరుగుతాయి. నీ చక్రానికి ఐదు బోల్టులు, అవి ఉండే వలయం వ్యాసం 120 మిల్లీమీటర్లు. ఆ తర్వాతి తరం 3 సిరీస్ రిమ్ములకు 112, చవకగా దొరికాయని అవి కొనకు. బ్రేకులు పెద్ద నీలం రంగువైతే కొన్ని 17 అంగుళాల రిమ్ములు వాటికి తగులుతాయి, ముందే అడుగు.

డబ్బు మిగల్చడానికి వెనక రెంటికే వింటర్ టైర్లు వేద్దామన్న ఆలోచన రావచ్చు. వెనక తోస్తుంది, ముందు తిరగదు. నేరుగా ఎదుటివాడి బంపర్లోకే. నాలుగూ వేయాల్సిందే. రిమ్ములతో కలిపి వెయ్యి డాలర్లు దాటుతుంది, సగం నేను పంపుతాను. ఇవి తిరిగే నెలల్లో నీ సమ్మర్ టైర్లు అరగకుండా ఉంటాయి కదా, వాటిని అపార్ట్‌మెంట్ లోపలే, వెచ్చగా ఉన్నచోట పెట్టుకో.

నీ పాత టైర్లు పంక్చరైనా కొంత దూరం నడిచే రకం, అందుకే కారులో స్టెప్నీ లేదు. కొత్తవి మామూలు రకం తీసుకో, ఎంచుకోవడానికి ఎక్కువ దొరుకుతాయి. కానీ పంక్చరైతే రోడ్డు పక్కన ఆగిపోతావు, కాబట్టి దారిలో సాయానికొచ్చే మెంబర్‌షిప్పూ, డిక్కీలో దుప్పటీ తప్పనిసరి. రిమ్ములు బిగించిన తర్వాత ఒక 50 మైళ్ళు తిరిగి బోల్టులు మళ్ళీ బిగించి చూడమను. గాలి కూడా చూసుకుంటూ ఉండు. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున తగ్గుతుంది. 70 డిగ్రీల్లో కొట్టించిన గాలి సున్నాకు చేరేసరికి 7 తగ్గిపోయి ఉంటుంది.

మనింటి దగ్గరి ఐ-35 హైవే ఎక్కి ఉత్తరానికి పోతూ ఉంటే నేరుగా మీ ఊరే. ఇక్కడ డాలస్ దగ్గర తూర్పు పడమరలుగా చీలినట్టే అక్కడా చీలుతుంది, ఆ ఊరూ ఈ ఊరూ ఒకే గర్భాన పుట్టినట్టు. అది చూసి దారి మొత్తం ఒక్కలాంటిదే అనుకోకు. ఈ నెలలోనే బయల్దేరు, ఆలస్యం చేస్తే ఆ సమ్మర్ టైర్ల మీద దారిలోనే చలికి దొరికిపోతావు. దిగిన వారంలోపే షాపులో టైము తీసుకో. మొదటి స్నో పడ్డ పొద్దున ఊరంతా అక్కడే క్యూలో ఉంటుంది.

టైర్లు వేసుకున్నాక, స్నో పడ్డ ఆదివారం మనుషుల్లేని ఖాళీ పార్కింగ్ లాట్ ఏదైనా చూసుకుని, నెమ్మదిగా వెళ్తూ కావాలని బ్రేకు గట్టిగా నొక్కు. కావాలని జారనివ్వు. వెనక పక్కకు వెళ్తుంటే యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, నువ్వు వెళ్ళాలనుకున్న వైపు చూస్తూ స్టీరింగ్ తిప్పు. నాకు ఆ పని చేయించిన వాళ్ళెవరూ లేరు, నేరుగా హైవే మీదే నేర్చుకున్నాను. ఇరుక్కుంటే ఆ డీటీసీ బటన్ (చక్రాలు జారకుండా పట్టి ఉంచే ఏర్పాటును సడలించేది) నొక్కితే చక్రం కొంచెం ఎక్కువ తిరగనిస్తుంది, బయటపడ్డాక తీసెయ్.

టైర్లు వేయించిన రోజు నాకు నాలుగు ఫొటోలు పంపు, ఒక్కో చక్రానికి ఒకటి. కొండ గుర్తూ, తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలూ కనబడాలి. అందులో చివరి రెండంకెలు సంవత్సరం. పాత సరుకైతే వెనక్కిచ్చెయ్. ఒకే టైరును నాలుగుసార్లు తీసి పంపుదామనుకోకు, దాని మీది మట్టిని బట్టి పట్టేస్తాను.

నీ
అమ్మ